వార్డు దాకా చేరాల్సిన పద్దు

2025 ఆగస్టు 27. కామారెడ్డి జిల్లాలో ఎవరినడిగినా ఆ తేదీ గుర్తే. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువులు ఒకదాని వెనుక ఒకటి మత్తడి దూకాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 44వ నంబరు జాతీయ రహదారిపై వాహనాలు గంటల కొద్దీ నిలిచిపోయాయి. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ, హౌసింగ్ బోర్డు కాలనీల్లోకి వరద ఇళ్ల ఎత్తున వచ్చి కార్లను ఆటబొమ్మల్లా లాక్కుపోయింది. మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్న వాళ్లను సహాయక బృందాలు బయటికి తెచ్చాయి. సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జిల్లాకు వచ్చి లింగంపేట మండలాన్ని, జీఆర్ కాలనీని చూశారు.

అంత వానను ఏ మోరీ కూడా ఆపలేదన్నది నిజమే. అయినా నీళ్లు తీసిన తర్వాత, ఇళ్లలోంచి బురద ఎత్తిపోసుకుంటూ జనం అడిగిన ప్రశ్నలన్నీ మున్సిపాలిటీ పద్దుకు సంబంధించినవే. చెరువు నీళ్లు పోయే దారిలో ఇళ్లకు అనుమతి ఎలా వచ్చింది? నాలా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయింది? ఏటా కడుతున్న ఇంటి పన్నులో మోరీల వాటా ఎంత? ఈ ప్రశ్నలు పట్టుకుని తమ వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్దామంటే ఆనాటికి కౌన్సిలరే లేరు. 2020 జనవరి 22న ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరి చివర్లో ముగిసింది. ఆ తర్వాత పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతిలోకి వెళ్లాయి. కామారెడ్డిదీ అదే పరిస్థితి, అదే జిల్లాలోని చిన్న పట్టణం ఎల్లారెడ్డిదీ అదే పరిస్థితి.

ఒక పట్టణం ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లింది, కాలనీల మీద, బస్తీల మీద ఎంత పెట్టింది అనే లెక్కను చాలా దేశాల్లో నగర పాలకులు ఏటా అచ్చేసి జనం ముందు పెడతారు. మన దగ్గర ఆ లెక్క మార్చిలో బడ్జెట్ సమావేశంలో వినిపించి, మరునాడు జిల్లా పేజీలో రెండు కాలమ్‌ల వార్తగా వచ్చి, అంతటితో మరుగున పడుతుంది. నిజానికి ఆ కాగితాల్లో ఉన్నది మన వీధి కథే. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ తేలిగ్గా అర్థమవుతుంది.

కామారెడ్డి పాత వ్యాపార కేంద్రం. నిజాం కాలంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు రైలు వేయడంతో దశ తిరిగిన ఊరు. బెల్లానికి పేరుపడ్డ గంజ్, చుట్టుపక్కల మండలాల రైతులు ధాన్యం, మక్కలు తెచ్చే మార్కెట్, హైదరాబాద్‌ను నిజామాబాద్‌తో, నాగ్‌పూర్‌తో కలిపే రహదారి దీనికి ప్రాణం. 2011 జనాభా లెక్కల నాటికే ఊళ్లో 80 వేల మందికి పైగా ఉన్నారు. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైంది. 2021 జూన్ 20న కొత్త కలెక్టరేట్ తెరుచుకుంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కలెక్టరేట్ వచ్చినచోట భూముల ధరలు పెరుగుతాయి, ప్లాట్లు పుడతాయి, ప్లాట్ల వెంట కాలనీలు వస్తాయి. మోరీ మాత్రం ఆలస్యంగా వస్తుంది. కామారెడ్డిలోనూ అదే జరిగింది.

తాడ్వాయి, లింగంపేట దాటుకుని పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే ఎల్లారెడ్డి. పేరుకు అసెంబ్లీ నియోజకవర్గ కేంద్రం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2018 ఆగస్టు దాకా మాత్రం గ్రామ పంచాయతీయే. ఆ ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఒక్కసారిగా 68 కొత్త మున్సిపాలిటీలను ఏర్పాటు చేసినప్పుడు బాన్సువాడతో పాటు ఎల్లారెడ్డి కూడా పట్టణమైంది. 12 వార్డులు. కామారెడ్డిలో 49. ఒక చట్టం, ఒకే రకం పద్దు పుస్తకాలు, ఒకే రకం రిజిస్టర్లు. ఆదాయంలో మాత్రం పోలికే లేదు. పెద్ద దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు ఉన్న ఊరికి పన్ను వస్తుంది. పొలం మీద బతికే చిన్న ఊరికి ఎక్కడి నుంచి వస్తుంది? అయినా చెత్త బండి తిరగాలి, వీధి దీపం వెలగాలి, నల్లా నీళ్లు రావాలి. ఎల్లారెడ్డి లాంటి ఊళ్లు పంచాయతీ ఆదాయంతో పట్టణ బాధ్యతలు మోస్తున్నాయి. రాష్ట్రంలోని చిన్న మున్సిపాలిటీల అసలు బాధ ఇదే. దీని మీద చర్చ జరగాల్సినంత జరగడం లేదు.

మున్సిపాలిటీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా ఎటు పోయిందో అడగలేం. అందులో సొంత ఆదాయం ఒక భాగం. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నల్లా బిల్లు, దుకాణాల లైసెన్సు ఫీజు, ఇల్లు కట్టేటప్పుడు కట్టే అనుమతి ఫీజు, మున్సిపల్ దుకాణాల అద్దె ఇందులోకి వస్తాయి. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు మరో భాగం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇలాంటి పట్టణాలకు ఇచ్చే డబ్బులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ముడిపెట్టింది. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది. జీతాలకు వాడకూడదంది. పట్టణం తన లెక్కలను ఆడిట్ చేయించి అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది ఈ నిధులకు పెట్టిన షరతుల్లో ఒకటి. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఉంటుంది. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి కార్యక్రమం మొదలైనప్పుడు రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ కలిపి నెలకు 148 కోట్ల రూపాయలు ప్రకటించారు. అందులో 78 కోట్లు హైదరాబాద్ మహానగరానివే. మిగతా 70 కోట్లను నూట నలభైకి పైబడ్డ ఊళ్లు పంచుకోవాలి.

దేశం మొత్తం చూసినా పట్టణాల చేతిలో ఉన్న డబ్బు తక్కువే. మున్సిపాలిటీల ఆదాయాలు, ఖర్చులు పదేళ్లుగా జీడీపీలో ఒక శాతం దగ్గరే ఆగిపోయాయని 2022 నవంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక నివేదికలో చెప్పింది. బ్రెజిల్‌లో అది ఏడు శాతం దాటింది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు 18 రకాల బాధ్యతలను జాబితా రాసి మరీ ఇచ్చింది. పని వచ్చింది గానీ దానికి తగ్గ పైసలు రాలేదు.

ఇక తెలంగాణ 2019లో చేసుకున్న మున్సిపల్ చట్టంలో సామాన్యుడికి పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతి కోసం తిరగనక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు, ఆ ఇంటి పన్ను ఏడాదికి 100 రూపాయలు. తన ఇంటి కొలతలను యజమానే రాసిచ్చి పన్ను లెక్కగట్టుకోవచ్చు. ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువకులది, మహిళలది, వయోవృద్ధులది, ఊరిలో పేరున్నవాళ్లది. ఒక్కో దానిలో 15 మంది చొప్పున మొత్తం 60 మంది. కామారెడ్డిలోని 49 వార్డులకు ఈ లెక్కన 2,940 మంది కావాలి. ఎల్లారెడ్డిలో 720 మంది. ఇంతమంది తమ వీధి పద్దును నిజంగా చదివి ఉంటే, మోరీ ఎక్కడ ఆగిపోయిందో వాన వచ్చి చెప్పేదాకా ఆగాల్సిన పని ఉండేది కాదు. పట్టణ ప్రగతి రోజుల్లో ఈ కమిటీల పేర్లు గట్టిగానే వినిపించాయి. ఆ తర్వాత చాలా ఊళ్లలో అవి రిజిస్టర్లకే పరిమితమయ్యాయి. చట్టంలో ఉన్న మంచి మాటల్లో ఇంతగా వాడకుండా వదిలేసింది ఇంకోటి లేదు.

పట్టణ ప్రగతి వల్ల కంటికి కనబడే మేలు జరగలేదని అంటే అది అన్యాయం. తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకునే బండ్లు ఇళ్ల ముందుకు వచ్చాయి. పట్టణ ప్రకృతి వనాలు, నర్సరీలు, వైకుంఠధామాలు వచ్చాయి. చివరి ప్రయాణానికి కూడా సరైన చోటు లేని ఊళ్లలో నీళ్లు, నీడ, గోడ ఉన్న శ్మశానవాటిక రావడం చిన్న విషయం కాదు. దాని విలువ, వానలో చితి పేర్చలేక ఇబ్బంది పడ్డ కుటుంబాలకు తెలుసు. తెల్లవారుజామునే చీపురు పట్టుకుని రోడ్ల మీద కనిపించే పారిశుద్ధ్య కార్మికుల వల్లనే ఈ పథకాలన్నీ నడుస్తున్నాయి. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మనుషులు. పట్టణం పెట్టుబడి అనే మాటలో వాళ్ల జీతాన్ని, చేతి తొడుగులను, వైద్యాన్ని మొదట లెక్కపెట్టాలి.

తాగునీటి విషయంలో కామారెడ్డి చాలా కాలం కష్టపడింది. వేసవిలో ట్యాంకర్ల ముందు బిందెల వరుసలు ఆ ఊరి పాత జ్ఞాపకం. శ్రీరాంసాగర్ వెనుక నీళ్లను జలాల్‌పూర్ దగ్గర ఎత్తిపోసి తెచ్చిన గోదావరి నీళ్లు, తర్వాత మిషన్ భగీరథ పైపులు ఆ జ్ఞాపకాన్ని చాలావరకు వెనక్కి నెట్టాయి. ఇక మిగిలింది పట్టణం లోపలి పని. పెద్ద పైపు ఊరి చివరి ట్యాంకు దాకా వస్తుంది. అక్కడి నుంచి కొత్త కాలనీ చివరి ఇంటి దాకా చేర్చాల్సింది మున్సిపాలిటీ.

ఆ కొత్త కాలనీల పుట్టుక వేరే కథ. 2018లో చుట్టుపక్కల ఉన్న దేవునిపల్లి, అడ్లూర్, టేక్రియాల్, లింగాపూర్ లాంటి ఊళ్లను కామారెడ్డి పట్టణంలో కలిపారు. కలిసిన మరునాటి నుంచే ఆ ఊళ్లలో కూలీలకు ఉపాధి హామీ పనులు పోయాయి, ఎందుకంటే ఆ చట్టం గ్రామాలకే. పంచాయతీ పన్ను స్థానంలో పట్టణ పన్ను వచ్చింది. ఎల్లారెడ్డిలోనూ పట్టణమైన రోజునే ఉపాధి పని ఆగింది. పట్టణం అయినందుకు ఏం వచ్చింది అని ఆ ఊళ్ల జనం అడిగితే మనస్ఫూర్తిగా జవాబు చెప్పగలిగేలా ఉండాలి ఏటి పద్దు. విలీన గ్రామాల మీద ఎంత ఖర్చయిందో విడిగా ఒక పేజీ రాయడానికి మున్సిపాలిటీకి అడ్డేమీ లేదు. అయినా ఆ పేజీ ఎక్కడా కనబడదు.

ఆ అసంతృప్తి 2022 డిసెంబరులో ఒక్కసారిగా రోడ్డెక్కింది. పట్టణం కోసం తయారైన మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట భూములను పారిశ్రామిక జోన్‌గా, వినోద జోన్‌గా, రోడ్లుగా చూపారని చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ల రైతులు గుర్తించారు. భూమి తమ పేరు మీదే ఉంటుంది, లాక్కోబోవడం లేదు అని అధికారులు చెప్పారు. జోన్ మారితే ధర పడిపోతుందని, అవసరానికి అమ్ముకోలేమని, అప్పు పుట్టదని రైతులు చెప్పారు. ఇద్దరి మాటా ఎవరి కోణంలో వాళ్లకు నిజమే. కానీ మ్యాపు గీసేముందు ఊళ్లోకి వచ్చి అడగని తప్పు మాత్రం ఒక వైపుదే. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూరు ఎల్లారెడ్డి అనే ఊరికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేట్ ముట్టడి, బంద్, హైకోర్టులో పిటిషన్లు. ముసాయిదా అంటే ముసాయిదానే, అభ్యంతరాలు తీసుకుంటామని అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావు చెప్పాల్సి వచ్చింది. 2023 జనవరి 20న కామారెడ్డి కౌన్సిల్ ప్రత్యేకంగా సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది.

అదే ఏడాది చివర్లో ఈ ఊరు దేశమంతటి నోట నానింది. 2023 నవంబరు ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ ఇక్కడ నిలబడ్డారు. ఇద్దరినీ ఓడించి భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణా రెడ్డి గెలిచారు. రైతుల భూమి గొడవ ఆ ఓట్లను ఎంత కదిలించిందో ఎవరి అంచనా వాళ్లది. రెండు నెలలు తిరక్కుండానే, 2024 జనవరిలో, ఆయన రోడ్డు విస్తరణ కోసం సొంత ఇంటినే కూల్చి స్థలం అప్పగించారు. ఇరుకు రోడ్డు వెడల్పు చేయాలంటే ఎవరో ఒకరు ముందు జరగాలి. ఆ పని ప్రజాప్రతినిధి తన గోడతో మొదలుపెట్టడం తెలంగాణలో అరుదు.

మాస్టర్ ప్లాన్ ఆగిపోవడం రైతుల గెలుపు. కానీ ఏ ప్లానూ లేకపోవడం పట్టణానికి నష్టం. ప్లాను లేని చోట భూమికి హద్దులు గీసేది రియల్ ఎస్టేట్ వ్యాపారం. అనుమతి లేని వెంచర్లలో ప్లాట్లు కొన్న మధ్యతరగతి కుటుంబాలు 2020లో లేఅవుట్ క్రమబద్ధీకరణ కోసం వెయ్యేసి రూపాయలు కట్టి దరఖాస్తులు పెట్టుకున్నాయి. 2025 మార్చి లోపు ఫీజు కడితే 25 శాతం రాయితీ అని ప్రభుత్వం చెప్పింది. ఆ ఫీజు పట్టణానికి ఆదాయమే. అది ఎవరి దగ్గర వసూలైందో ఆ కాలనీకే రోడ్డుగా, మోరీగా తిరిగి రావాలి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంట చుట్టూ 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 2025 ఆగస్టు వరదలో మునిగిన కాలనీలను చెరువుల పాత మ్యాపుల మీద పెట్టి చూడటం మున్సిపాలిటీ చేయాల్సిన మొదటి పని. ఆ మ్యాపును వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. రేపు అక్కడ ప్లాటు కొనేవాడు చూసి కొంటాడు.

ఆ వరదలోనే పాత పెట్టుబడి విలువ కూడా తెలిసింది. ఎల్లారెడ్డికి దగ్గర్లో, నాగిరెడ్డిపేట మండలంలో, నిజాం కాలంలో 1922 నాటికి కట్టిన పోచారం ప్రాజెక్టు మీదికి, కట్టినవాళ్లు ఊహించనంత వరద వచ్చిపడింది. తెగుతుందేమోనని రాత్రంతా కింది ఊళ్లు భయపడ్డాయి. పక్క కట్ట కోసుకుపోయినా వందేళ్ల రాతి కట్టడం నిలబడింది. దాని వల్ల ఎన్ని ఊళ్లు బతికాయో లెక్కగట్టడం కష్టం.

పన్ను కట్టేవాళ్ల మాటకు వద్దాం. ఏప్రిల్‌లోనే మొత్తం ఇంటి పన్ను కడితే 5 శాతం తగ్గింపు ఉంది. కట్టకపోతే నెలకు 2 శాతం వడ్డీ. ఇది న్యాయమైన పద్ధతి. కానీ కొన్నేళ్లుగా మొండి బకాయిల మీద 90 శాతం వడ్డీ మాఫీ మళ్లీ మళ్లీ ప్రకటిస్తున్నారు. బకాయి వసూలవుతుందన్నది దాని వెనుక ఆలోచన. ఏటా వరుసలో నిలబడి సమయానికి కట్టిన చిన్న ఉద్యోగికి, కిరాణా కొట్టు యజమానికి దానివల్ల కలిగే నిరుత్సాహం పద్దులో కనబడదు. వాళ్లకు ఇవ్వగల మర్యాద ఒకటే: మీరు కట్టిన డబ్బు మీ వార్డులో ఇదిగో ఇక్కడ ఖర్చయింది అని చూపడం.

అలా చూపిన ఊళ్లు లేకపోలేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో బస్తీ జనాన్నే పిలిచి, ఏ వీధికి ముందు నీళ్లు, ఏ వీధికి ముందు రోడ్డు అని వాళ్లచేతే వరుస రాయించింది. తర్వాతి ఏళ్లలో నీటి కనెక్షన్లు, మురుగు పైపులు పేటల్లోకి వేగంగా చేరాయి. మన దగ్గర పుణె నగరం 2006లో పౌరుల నుంచి పనుల సూచనలు తీసుకుని బడ్జెట్‌లో చేర్చడం మొదలుపెట్టింది. ఆ నగరాలు పెద్దవి, లక్షల జనం. 12 వార్డుల ఎల్లారెడ్డికి ఇది ఇంకా తేలిక. ఆదివారానికొక వార్డు చొప్పున పొద్దున చెట్టు కింద కూర్చుంటే 12 వారాల్లో ఊరంతా అయిపోతుంది.

కామారెడ్డికి ఇంకో బరువు కూడా ఉంది. స్థానిక సంస్థల్లో వెనుకబడిన తరగతులకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తామని 2023 నవంబరు 10న కాంగ్రెస్ పార్టీ ప్రకటించింది ఈ ఊళ్లోనే. దానికి కామారెడ్డి డిక్లరేషన్ అనే పేరే స్థిరపడింది. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇస్తే అక్టోబరులో హైకోర్టు ఆపింది. ఎవరికి ఎన్ని సీట్లు అన్నది తేలాల్సిన విషయమే, ముఖ్యమైన విషయమే. ఆ సీట్లో కూర్చునే మనిషికి ఖర్చు పెట్టే డబ్బు, లెక్క అడిగే అధికారం ఎంత ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం.

ఈ రెండు పట్టణాల పాఠకులకు ఒక విన్నపం. మార్చిలో బడ్జెట్ వస్తుంది. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, మీ వార్డు పేరు రాసి, గత ఏడాది మీ వార్డులో మోరీలకు, నీళ్లకు, రోడ్లకు, దీపాలకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఏ పని ఎక్కడ ఆగింది అని అడగండి. నోటిమాటతో ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం చెబుతోంది. జీఆర్ కాలనీ వాళ్లు ముందుగా నాలా లెక్క అడగండి. ఎల్లారెడ్డి వాళ్లు చివరి వీధి నల్లా లెక్క అడగండి. వచ్చే వానాకాలం జూన్‌లో మొదలవుతుంది.